గూడ్స్ షెడ్డు దుమ్ము: ఎవరిని ఏమి అడగాలి

రైల్వే గూడ్స్ షెడ్డు (గూడ్సు రైళ్ల సరుకు దించే చోటు) నుంచి సిమెంటు దుమ్ము ఇళ్లలోకి వస్తున్నా మున్సిపాలిటీ కదలడం లేదని, ఏం చేయాలని ఆ పక్కన ఉండేవారు అడిగారు. అసలు అడ్డంకి మున్సిపాలిటీకి అక్కడ అధికారం లేకపోవడమే. రైల్వే తన అవసరాలకు చేపట్టే నిర్మాణాలకు ఇతర చట్టాలు అడ్డురావని 1989 రైల్వే చట్టం 11వ సెక్షన్ చెబుతుంది. మున్సిపల్ కమిషనర్ నోటీసు రైల్వే ప్రహరీ దాటడం కష్టం.

1. చాలామంది వదిలేసేది ఇదే: ఫిర్యాదుకు ముందు సమాచార హక్కు దరఖాస్తు. ఆ షెడ్డుకు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి నకలు, గడువు తేదీ, షరతులు ఇవ్వమని రైల్వే డివిజన్ కార్యాలయాన్ని అడగండి. "దుమ్ము ఎందుకు వస్తోంది?" అని ప్రశ్న వేయకండి, కాగితమే అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. అనుమతి లేదని వచ్చినా నష్టం లేదు, అంతకంటే గట్టి ఆధారం దొరకదు.

2. ఆ జవాబు జతచేసి మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాయండి. పైన చెప్పిన 11వ సెక్షన్ నిర్మాణాల గురించే; 1981 వాయు కాలుష్య చట్టం రైల్వేకూ వర్తిస్తుంది.

3. గేటు బయట టార్పాలిన్ లేని లారీలు, రోడ్డుపై రాలిన సిమెంటు మాత్రం మున్సిపాలిటీ, పోలీసుల బాధ్యతే. ఫొటోలో లారీ నంబరు కనిపించాలి.

4. అప్పటికీ ఫలితం లేకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 152వ సెక్షన్ కింద, ప్రజలకు కలుగుతున్న ఈ ఇబ్బందిని తొలగించేలా ఆదేశించమని ఆర్డీవోకు అర్జీ పెట్టండి.