లైఫ్ జాకెట్ మాత్రం విప్పకు

చిన్నా,

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఇరుకు సముద్రపాయ డిసెప్షన్ పాస్ పక్కన, బోమన్ బే నుంచి ఒక్కడివే సన్నటి తెడ్డు పడవ కయాక్‌లో వెళ్తున్నావని వదిన ఫోనులో చెప్పింది. బోల్తాపడితే తెడ్డు రెక్కకు తొడిగి, దాని ఆసరాతో మళ్లీ ఎక్కే గాలిసంచి, అదే ప్యాడిల్ ఫ్లోట్, కొనకుండా ఇంట్లో ఉన్నవాటితో సర్దుకుంటానన్నావట. మన ఇంట్లో మరొకరికి నీళ్ల పిచ్చి పట్టిందని మురిసిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

గాలి, పోటుపాట్ల వేళలు చూసుకో. ఆ ఇరుకులో ప్రవాహం 8 నాట్ల దాకా, అంటే గంటకు సుమారు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంది, దాని జోలికి వెళ్లకు. చలినీళ్లలో ఒంటి వేడి నిలిపే వెట్‌సూట్ వేసుకో.

మీ నాన్న నీకు చెప్పి ఉండడు గానీ, ఓసారి అక్కడే బోల్తాపడ్డాడు. ఫ్లోట్ లేదు. తెలివిగా లైఫ్ జాకెట్ విప్పి తెడ్డు రెక్కకు చుట్టాడు. తేలింది, కానీ తేలింది తెడ్డు, అన్నయ్య కాదు! ఆ నీళ్లు ఆగస్టులోనూ 12 డిగ్రీల అటూఇటూ ఉంటాయి. పడ్డ మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు. ఆపైన చేతులు పనిచేసేది సుమారు 10 నిమిషాలే. బకిల్ బిగించడానికి వేళ్లు వంగలేదు. ఇంతలో ఒక అల వచ్చి తెడ్డునూ జాకెట్‌నూ కలిపి లాక్కుపోయింది. నా కయాక్ ముక్కు పట్టుకుని వేలాడుతూ, పళ్లు టకటకలాడుతున్నా "ఆలోచన మంచిదే" అంటాడు. ఒడ్డుకు చేర్చాక ఎంత తిట్టానో! తిడుతూనే తల తుడిచాను.

అందుకే ముడులన్నీ ఒడ్డునే పడాలి. నీళ్లు చొరని 10 లీటర్ల సంచి, అదే డ్రై బ్యాగ్‌లో గాలి నింపి, మూత చుట్టి బిగించు. దాదాపు 10 కిలోల బరువు ఆపుతుంది. తెడ్డు రెక్క దూరేలా దానికి ముందే పట్టీలు కట్టి, సీటు వెనక అందేలా ఉంచు. కాలు మోపి ఎక్కడానికి వెడల్పాటి పట్టీ వాడు, సన్నతాడు పాదానికి చుట్టుకుంటుంది. పిడి ఉన్న పాల క్యాన్ అడుగు ఏటవాలుగా కోస్తే నీళ్లు తోడే చిప్ప అవుతుంది. దాన్ని కూడా కట్టెయ్యి, కట్టనిది నీది కాదనుకో. ఇవన్నీ పట్టుకుని, తోడుగా ఒకరిని నిలబెట్టి, ఛాతీలోతు నీళ్లలో కావాలనే బోల్తాపడి చూడు. వెనక నుంచి పాకుతూ ఎక్కేటప్పుడు బరువంతా ఫ్లోట్ వైపే ఉండాలి. ఫోను లైఫ్ జాకెట్ జేబులో ఉండాలి, కయాక్‌లో కాదు.

కయాక్‌లో చేరిన నీళ్లు తోడే నా పాత చేతిపంపు పోస్టులో పంపుతున్నాను. ఫ్లోట్ కూడా పంపేదాన్నే, కానీ ఆదివారం నాకే కావాలి.

మీ అత్త