పిల్లల గురక మందులతో తగ్గుతుందా? ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. మా బాబుకు ఆరేళ్లు. ఏడాదిగా నోరు తెరుచుకుని నిద్రపోతూ గురక పెడుతున్నాడు. మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ పీల్చుకుంటాడు. ఎడినాయిడ్స్, టాన్సిల్స్ పెరిగాయి, ఆపరేషన్ చేయించమన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మందులతో తగ్గదా?
- ఓ తల్లి, విశాఖపట్నం

సలహా: మీరు రాసింది చూస్తే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియాలాగే (గాలిదారికి అడ్డుపడి నిద్రలో ఊపిరి ఆగడం) ఉందమ్మా. ముక్కు వెనక ఎడినాయిడ్స్, గొంతులో టాన్సిల్స్ పెరిగి నిద్రలో గాలికి అడ్డుపడతాయి. సమస్య తక్కువ స్థాయిలో ఉంటే మందులు వాడి చూడొచ్చు. ఎక్కువగా ఉంటే మాత్రం మందులంటూ నెలలు గడపొద్దు.

గురక ఎంత గట్టిగా వస్తోందన్న దాన్ని బట్టి తీవ్రత తెలియదు. స్లీప్ స్టడీలో, అంటే నిద్రపోతుండగా శ్వాసను గమనించే పరీక్షలో తెలుస్తుంది. శ్వాసకు అడ్డంకులు పెద్దల్లో గంటకు 5 లోపు ఉంటే పట్టించుకోం. పిల్లల్లో ఒకటి దాటినా లెక్కే. 5 లోపు స్వల్పం, 10 దాటితే తీవ్రం.

మందుల్లో ముఖ్యమైనది ముక్కులో కొట్టే మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే. స్టెరాయిడ్ అనగానే హడలిపోకండి, ఒంట్లోకి చేరేది బహు తక్కువ. అయితే 2023లో ఆస్ట్రేలియాలో గురక పెట్టే పిల్లలకు ఆరు వారాలు వాడి చూస్తే, స్టెరాయిడ్ స్ప్రేతో 44 శాతం మందికి, వట్టి సెలైన్ స్ప్రేతో 41 శాతం మందికి లక్షణాలు పోయాయి. అంటే ఉప్పునీరే దాదాపు అంత పని చేసింది! అందుకే నేనైతే సెలైన్‌తోనే మొదలుపెడతాను.

అలర్జీ, ఆస్తమాకు వాడే మాంటెలుకాస్ట్ కూడా కొందరికి రాస్తాం. మనవాళ్లు దాన్ని జలుబు మందులా పాత చీటీ చూపించి తెచ్చేసుకుంటారు. పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గట్టిగా హెచ్చరించింది. అలాంటివి కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. నిద్ర పట్టించే దగ్గు సిరప్‌లు అసలే వద్దు.

మీ బాబుకు ఊపిరి ఆగుతోంది కాబట్టి నా మొగ్గు ఆపరేషన్ వైపే. స్లీప్ స్టడీలో స్వల్పమని తేలితే కొన్ని నెలలు ఆగొచ్చు. ఈలోగా బాబు గాఢనిద్రలో ఉండగా చొక్కా తీసి, ముఖం, ఛాతీ, పొట్ట కనిపించేలా రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీయండి. చప్పుడు ఆగినా ఛాతీ ఎగసిపడుతోందా అన్నది ఈఎన్‌టీ డాక్టర్‌కు అందులో తెలుస్తుంది. పక్క తడుపుతున్నా, పగలు కుదురుగా ఉండకపోయినా చెప్పండి. పెదాలు నీలంగా మారితే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.