తాతగారి సీసపు సిపాయిలు

ప్రశ్న: మా తాతగారు కలకత్తాలో ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్న సీసపు సిపాయి బొమ్మలు పదకొండు మా ఇంట్లో ఉన్నాయి. అన్నీ ఎర్రకోటు వేసుకున్నవే. రెండింటికి తలలు ఊడిపోయాయి, కొన్నింటి పాదాల దగ్గర తెల్లని పొడి పడుతోంది. వీటి రంగు గీకేసి, బొబ్బిలి వీరులుగా మార్చి, సంక్రాంతి బొమ్మల కొలువులో నిలబెట్టాలని ఉంది. ఎలా చేయాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: దయచేసి గీకవద్దు. పాత బొమ్మకు దాని మొదటి రంగే ప్రాణం. అది ఒకసారి పోతే ఎంత నేర్పుగా పూసినా తిరిగి రాదు. పైగా ఆ రంగులోనూ సీసం ఉండే అవకాశం ఎక్కువ కనుక, గీకినప్పుడు లేచే దుమ్ము ఇంట్లో పిల్లలకు హాని చేస్తుంది.

తెల్లని పొడి సీసానికి పట్టిన చీడ వంటిది. అట్టపెట్టెలూ కొత్త ప్లైవుడ్ అరలూ విడిచే ఆమ్లపు ఆవిరి, మన తీరప్రాంతపు తేమతో కలిసి, సీసాన్ని తినివేస్తుంది. ఆ పొడిని నోటితో ఊదకండి. చేతులకు తొడుగులు వేసుకుని, తడి గుడ్డతో మెల్లగా అద్ది తీసి, ఆ గుడ్డను పారవేసి, బొమ్మను బాగా ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లంతో పాటు గాజు పెట్టెలో ఉంచండి. తలల సంగతి తేలిక. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ మొదలుపెట్టిన బోలు పోత పద్ధతిలో చేసిన బొమ్మలైతే మెడ లోపల ఖాళీ ఉంటుంది. అందులో అగ్గిపుల్ల ముక్క దూర్చి, దాని మీద తలను కూర్చి, కొద్దిగా జిగురు పెడితే చాలు.

ఇక బొబ్బిలి విషయం. 1757 జనవరి 24న కోట మీదికి విజయనగరం సేనతో కలిసి వచ్చినది బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సైన్యం. కాబట్టి ఇంగ్లీషు ఎర్రకోట్లకు అక్కడ చోటు లేదు. 1794 జూలై 10 నాటి పద్మనాభం యుద్ధంలోనైతే విజయనగరం సేనకు ఇంగ్లీషు కంపెనీ సైన్యమే ఎదురుగా నిలిచింది, ఆ ఘట్టం కోసం మీ బొమ్మలను ఉన్నవి ఉన్నట్టుగా వాడుకోవచ్చు, టోపీలు మాత్రం తర్వాతి కాలానివి కావచ్చు.

బొబ్బిలి వీరులను ప్లాస్టిక్ సిపాయిలతో చేయండి. సుమారు 54 మిల్లీమీటర్ల ఎత్తువి తీసుకుంటే చూపుకు సరిపోతాయి. ముందు సబ్బునీళ్లతో కడగాలి, లేకపోతే రంగు పొరలుగా ఊడుతుంది. టోపీని సన్నని బ్లేడుతో కోసివేసి, ఎమ్‌సీల్ రెండు భాగాలను సమానంగా కలిపి, నీళ్లద్దిన వేళ్లతో సేమియా పోగంత సన్నగా చేసి తల చుట్టూ ఏటవాలుగా చుట్టండి. మెత్తగా ఉండగానే సూదిమొనతో ముడతలు గీస్తే తలపాగా కళ వస్తుంది. పంచెకట్టు కుచ్చిళ్లూ ఇలాగే చేయవచ్చు. తుపాకీ కోసిన పిడికిలికి చిన్న రంధ్రం చేసి ఇత్తడి తీగ గుచ్చితే బల్లెం సిద్ధం. ఒక రోజు ఆరనిచ్చి, ఆక్రిలిక్ రంగును పలుచగా రెండు మూడు పూతలు వేయండి.

వార్నిష్ మాత్రం ముసురు పట్టిన రోజున కొట్టకండి, పైన తెల్లని మసక కమ్ముతుంది. మార్గశిరంలో ఎండ బాగా కాసే పూట చూసుకుని కొడితే సంక్రాంతికి అందుతాయి.