క్లస్టర్‌లో మల్టీపాత్ సెట్టింగులను వెనక్కి మార్చడం ఎలా?

ఒంగోలులోని రెండు సర్వర్ల క్లస్టర్‌లో మల్టీపాత్ (సర్వర్ నుంచి ఒకే డిస్కుకు పలు దారులు ఉంచే ఏర్పాటు) మార్పులను రద్దు చేయాలంటే రెండూ ఒకేసారి ఆపాలా అని అడిగారు. అక్కర్లేదు, ఒక్కొక్కటిగా చేయండి. ముందు ఒక నోడ్‌ను, అంటే ఒక సర్వర్‌ను, స్టాండ్‌బైలో (సర్వీసులేవీ నడపని స్థితిలో) పెట్టి, సర్వీసులన్నీ రెండోదానికి చేరాయో లేదో చూసుకోండి. తర్వాత పాత మల్టీపాత్.కాన్ఫ్ ఫైలును తిరిగి పెట్టి, ఈ దారులను చూసుకునే ప్రోగ్రామ్ మల్టీపాత్‌డీ చేత మళ్లీ చదివించండి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆ ఫైలు నకలు బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్ అయిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోనూ ఉండవచ్చు. రెడ్‌హ్యాట్ తరహా సర్వర్లలో దాన్ని మళ్లీ తయారుచేసే ‘డ్రాకట్ -ఎఫ్’ కమాండ్ నడపకపోతే, తీసేశామనుకున్న సెట్టింగులతోనే తర్వాతి బూట్ మొదలవ్వొచ్చు. నెల్లూరులో నాకు ఒక రాత్రి నిద్ర ఇలాగే పోయింది.

డిస్కులకు ‘ఎంపాత్ఏ’ వంటి సులువైన పేర్లు వాడుతుంటే, అది రెండు నోడ్లలోనూ ఒకే డిస్కును సూచిస్తోందో లేదో, ఏ పేరు ఏ డిస్కుదో రాసి ఉండే బైండింగ్స్ ఫైలులో సరిచూడండి. దారుల స్థితి చూపే ‘మల్టీపాత్ -ఎల్ఎల్’ కమాండ్‌లో అవన్నీ యాక్టివ్‌గా కనిపించాకే, ఈ నోడ్‌ను స్టాండ్‌బై నుంచి తప్పించి రెండోదాన్ని ముట్టుకోండి.