మూత్రంలో మంట, చీము: సబ్జా నీళ్లతో తగ్గుతుందా?

మూత్రానికి వెళ్తే మంట, లోదుస్తులపై పసుపు చీము మరక, 'వేడి చేసింది' అనుకుని సబ్జా నీళ్లు తాగుతున్నానని హనుమకొండ నుంచి ఒక పాఠకుడు రాశారు. తగ్గదు. వరంగల్ ఎండల్లో నీళ్లు తక్కువై మంట పుట్టడం నిజమే కానీ, వేడికి చీము రాదు. చీము కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది గనేరియాను. దీన్ని మనవాళ్లు సెగరోగం అన్నారు. ఆ పేరే చాలామందిని దారి తప్పిస్తోంది. ఇది బ్యాక్టీరియా వల్ల వస్తుంది, పెద్దవారిలో దాదాపుగా లైంగిక సంబంధం ద్వారానే అంటుతుంది. మగవారిలో సాధారణంగా రెండు నుంచి అయిదు రోజుల్లో బయటపడుతుంది. కొందరిలో ఏ లక్షణమూ ఉండదు. వదిలేస్తే వృషణాల వెనుక నాళం వాచి, సంతానలేమికి దారితీయవచ్చు.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చర్మ, సుఖవ్యాధుల విభాగానికి వెళ్లండి. సిగ్గుపడకండి, అక్కడి వైద్యులకు ఇది రోజువారీ పనే. చీమును సూక్ష్మదర్శినిలో చూస్తారు, లేదా మూత్రం మొదటి ధారను పరీక్షిస్తారు. అందుకు కనీసం గంట ముందు నుంచి మూత్రానికి వెళ్లకూడదు. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలూ చేయించుకోండి.

చికిత్స సాధారణంగా ఒక్క సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. క్లామీడియా అనే మరో సుఖవ్యాధి అనుమానం ఉంటే డాక్సీసైక్లిన్ మాత్రలు వారం రోజులు. మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ అడిగి వేసుకోకండి. ఈ క్రిమి దానికి ఎప్పుడో మొండికేసింది. గత రెండు నెలల భాగస్వాములకూ, భార్యకు కూడా, చికిత్స జరగాలి. స్త్రీలలో ఇది చాలాసార్లు లక్షణాలు లేకుండానే ముదురుతుంది. అందరి చికిత్స పూర్తయ్యాక ఏడు రోజుల వరకు కలయిక వద్దు.