మోటారు కలపగానే బోర్డు ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి సెలవుల్లో ఆర్డ్యునో యూనో బోర్డు (ప్రోగ్రాము రాసి పరికరాలను నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు) కొనిచ్చాం. ఎల్‌ఈడీ వెలిగించడం తొందరగానే నేర్చుకున్నాడు. బొమ్మ కారులోని చిన్న మోటారును 9వ పిన్నుకు కలిపితే మాత్రం అది ఒకసారి కదిలి ఆగిపోతోంది, బోర్డు మళ్లీ మొదటినుంచి మొదలవుతోంది. ప్రోగ్రాములో తప్పుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పు ప్రోగ్రాములో ఉండకపోవచ్చునండీ. ఆ బోర్డులోని ఏటీమెగా328పి చిప్పు ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీయాంపియర్ల వరకే నిశ్చింతగా ఇవ్వగలదు. 40 దాటితే చిప్పు దెబ్బతినవచ్చు. 220 ఓముల రెసిస్టరుతో కలిపిన ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 14 మిల్లీయాంపియర్లే తీసుకుంటుంది కనుక ఇబ్బంది రాలేదు. మోటారుకు అంతకంటే ఎన్నో రెట్లు కావాలి, అందులోనూ కదలడం మొదలుపెట్టే క్షణంలో మరీ ఎక్కువ. ఆ క్షణంలో బోర్డులోని 5 వోల్టులు పడిపోయి 2.7 కంటే తగ్గితే, తప్పుడు లెక్కలు చేయకుండా చిప్పు తనంతట తానే రీసెట్ అవుతుంది. మీ అబ్బాయి చూస్తున్నది బహుశా ఇదే.

ముందు మోటారును పిన్ను నుంచి తీసేయమనండి. ఆ పిన్నుకు రెసిస్టరుతో ఎల్‌ఈడీ కలిపి చూడమనండి. మిగతావన్నీ బాగుండి ఆ ఒక్క పిన్నే పోయి ఉండే అవకాశం ఉంది.

ఇక మోటారును తిప్పడానికి 2ఎన్2222 ట్రాన్సిస్టరు (పిన్ను ఇచ్చే కొద్ది కరెంటుతో మోటారు కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులాంటిది), 470 ఓముల రెసిస్టరు, 1ఎన్4007 డయోడు, మూడు పెన్సిల్ సెల్లుల డబ్బా ఉంటే చాలు. ట్రాన్సిస్టరుకు బేసు, ఎమిటరు, కలెక్టరు అని మూడు కాళ్లుంటాయి. పిన్ను నుంచి రెసిస్టరు మీదుగా బేసుకు, ఎమిటరు నుంచి గ్రౌండుకు, కలెక్టరు నుంచి మోటారు ఒక కొసకు తీగలు వెళ్లాలి. మోటారు రెండో కొస సెల్లుల ప్లస్‌కు చేరాలి. సెల్లుల మైనస్‌నూ బోర్డు గ్రౌండునూ తప్పకుండా కలపాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. మోటారు ఆగిన క్షణంలో దాని చుట్టలో పుట్టే ఎదురు వోల్టేజీ ట్రాన్సిస్టరును కాల్చకుండా డయోడును మోటారు రెండు కొసల మధ్య, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా పెట్టాలి. నల్ల ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్లలో కాళ్ల వరుస రకాన్ని బట్టి తారుమారవుతుంది కాబట్టి డేటాషీటు (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చూడకుండా కలపవద్దు.

కొత్త బోర్డుకో, ముప్పై సెన్సార్ల కిట్టుకో డబ్బు పెట్టేకంటే ముందు వోల్టేజీ, కరెంటు కొలిచే ఒక మామూలు మల్టీమీటరు కొనివ్వండి. హైదరాబాదు వెళ్లే పని ఉంటే కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ విడిగా దొరుకుతాయి.

ప్రశ్న: యూనోతో పనిచేసిన హెచ్‌సీ-ఎస్‌ఆర్04 దూరం కొలిచే సెన్సారును ఈఎస్‌పీ32 అనే మరో బోర్డుకు అలాగే కలపవచ్చా?
– ఒక డిప్లొమా విద్యార్థి, నిజామాబాదు

జవాబు: సెన్సారు తన సంకేతాన్ని బయటికి పంపే ఎకో పిన్నును నేరుగా కలపవద్దు. 5 వోల్టులతో నడిచే ఆ సెన్సారు ఎకో పిన్ను నుంచి 5 వోల్టులే పంపుతుంది. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టులు అందితే దెబ్బతినవచ్చు. ఎకో నుంచి 1 కిలో ఓము, అక్కడినుంచి గ్రౌండుకు 2 కిలో ఓముల రెసిస్టర్లు పెట్టి, రెండూ కలిసే చోటునుంచి తీగ తీసుకుంటే 3.3 వోల్టులే అందుతాయి.