ఇథియోపియాకు పాఠాలు చెప్పడానికి వెళ్తున్న సుధకూ కిరణ్‌కూ

చిరంజీవులు సుధకూ, కిరణ్‌కూ మీ పెద్దమ్మ ఆశీస్సులు.

ఇథియోపియా యూనివర్సిటీ నుంచి కబురొచ్చిందని, మీరిద్దరూ అప్పుడే సూట్‌కేసులు చూడ్డానికి బజారుకెళ్లారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నేనూ మీ పెదనాన్నా అక్కడ పాఠాలు చెప్పి వచ్చినవాళ్లమే కదా, "అక్కా, పిల్లలకు నువ్వే నాలుగు ముక్కలు రాసి పంపు" అంది. తిండి, చలి, భాష అంటూ అందరూ మిమ్మల్ని భయపెడతారు. అవి నెల తిరిగేసరికి అలవాటైపోతాయి. అలవాటు కానివి కాగితాలు. ముందు వాటి సంగతి తేల్చుకుందాం.

ఇద్దరికీ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ మురిసిపోతోంది. గుచ్చిగుచ్చి అడిగితే తేలిందేమిటంటే, ఉత్తరం వచ్చింది కిరణ్‌కు. సుధకు మాత్రం "వచ్చాక చూద్దాం" అన్నారట. సుధా, "చూద్దాం" అనేది ఉద్యోగం కాదు. నీ పేరుతో, నీ డిపార్ట్‌మెంటు, నీ జీతం, ఎన్నేళ్లకు తీసుకుంటున్నారు అన్నీ రాసిన ఒప్పందం విడిగా నీ చేతికి రావాలి. మొగుడి వెంట డిపెండెంట్‌గా వెళ్లి అక్కడ దిగాక అడిగితే నీకు బేరమాడే బలం ఉండదు. ఎలాగూ ఇక్కడే ఉంటుంది కదా, ఎంతిచ్చినా చేస్తుందిలే అనుకుంటారు. వర్క్ పర్మిట్ వ్యవహారం కూడా మళ్లీ మొదటికొస్తుంది. వాళ్లకు నిజంగా నీ అవసరం ఉంటే కాగితం పంపడానికి ఎన్నాళ్లో పట్టదు. పంపకపోతే మొదటి సెమిస్టరు కిరణ్ ఒక్కరే వెళ్లనీ, నువ్వు ఇక్కడి ఉద్యోగంలోనే ఉండు. పెళ్లయి ఏడాది తిరగనివాళ్లకు ఈ మాట చేదుగానే ఉంటుందని తెలుసు. మొహమాటపడి చెప్పకుండా ఉండలేను.

కిరణ్ బాబూ, మీరు పనిచేసే ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు చేరినప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకున్నారా? మన దగ్గర ఇది మామూలైపోయింది. రాజీనామా ఇచ్చాక అడిగితే సెమిస్టరు మధ్యలో వెళ్తున్నారనో, నోటీసు పీరియడ్ డబ్బు కట్టమనో తిప్పుతారు. కాబట్టి వీసా కోసమని చెప్పి ముందు ఒరిజినల్స్ చేతికి తెచ్చుకోండి, రాజీనామా మాట తర్వాత. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రెండూ లెటర్‌హెడ్ మీద, తేదీలతో ఉండాలి. అక్కడ మీ ర్యాంకూ జీతమూ ఎన్నేళ్ల అనుభవమనే లెక్క మీదే ఆధారపడతాయి, ఒక్క సంవత్సరం తేడా వచ్చినా నష్టం మీకే.

ఇంకోటి, పేర్లు. టెన్త్ మెమోలో "కె. సుధారాణి" అని ఉంటుంది, డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో. మనకు ముగ్గురూ ఒకటే మనిషి. అక్కడి గుమాస్తాకు కాదు. వాళ్లకు ఇంటిపేర్లే లేవు. తన పేరు, పక్కన తండ్రి పేరు, ఆ పక్కన తాత పేరు, అంతే. మీ పాస్‌పోర్టులో మొదట ఏ మాట కనిపిస్తే దాన్నే మీ పేరనుకుంటారు. కె అంటే ఏమిటో, ఇవన్నీ ఒకే మనిషివని చెప్పే అఫిడవిట్ ఒకటి నోటరీ చేయించి సర్టిఫికెట్లతో పాటే పెట్టుకోండి. సుధా, పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు పెట్టించుకుందామని ఎవరైనా అంటే ఇప్పుడు మాత్రం వద్దు. నీ చదువంతా పుట్టింటి పేరు మీదే ఉంది. భర్త పేరు గడిలో కిరణ్ పేరు చేర్పిస్తే చాలు.

సర్టిఫికెట్ల మీద ఎవరెవరి ముద్రలు కావాలో యూనివర్సిటీనే మెయిల్‌లో అడిగి రాయించుకోండి. రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఢిల్లీలోని వాళ్ల రాయబార కార్యాలయం, ఇలా మెట్టు మెట్టుగా సాగే పని అది. మధ్యలో ఏజెంటు ఎవరైనా ఉంటే విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ సైటులో అతని పేరుందో లేదో చూడండి. లేకపోతే దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఇక డబ్బు. జీతం డాలర్లలో ఇస్తారా, డాలర్లలో లెక్కగట్టి బిర్ (అక్కడి రూపాయి అనుకోండి) చేతికిస్తారా, అందులో ఎంత ఇండియాకు పంపనిస్తారు, ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. మూడింటికీ జవాబు ఒప్పందంలోనే ఉండాలి. 2024 జులై ఆఖర్లో ఆ ప్రభుత్వం బిర్‌ను బజారు రేటుకు వదిలేసింది. అప్పటిదాకా డాలరుకు 57 చుట్టూ ఉన్న బిర్ కొద్ది వారాల్లోనే నూరు దాటింది. జీతం బిర్‌లో ఖాయం చేసుకున్నవాళ్లు పని అదే చేశారు, ఇంటికి పంపగలిగింది సగమైంది. ఇక్కడ హోమ్‌లోన్ ఈఎంఐ కట్టాల్సినవాళ్లు దీన్ని రెండుసార్లు చదవండి. వెళ్లేముందు బ్యాంకుకెళ్లి మామూలు సేవింగ్స్ ఖాతాను విదేశాల్లో ఉండేవాళ్ల ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించండి, అక్కణ్నుంచి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ అనే ఇంకో ఖాతా తెరవండి.

ఊరు ఏదో మీ అమ్మ సరిగ్గా చెప్పలేకపోయింది. అదీ ముఖ్యమే. 2020 నవంబరు నుంచి రెండేళ్లు ఉత్తరాన టిగ్రే ప్రాంతంలో యుద్ధం జరిగింది. అది ఆగాక 2023లో అమ్హారా ప్రాంతంలో గొడవలు ముదిరి ఎమర్జెన్సీ పెట్టారు. దేశమంతా అలా ఉందని కాదు, మేం తిరిగిన దక్షిణాదిలో చీకటి పడ్డాక కూడా నిశ్చింతగా నడిచేవాళ్లం. కానీ క్యాంపస్ ఏ ప్రాంతంలో ఉందో తెలియకుండా సంతకం పెట్టకూడదు. అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న మనవాళ్లను పట్టుకుని మాట్లాడండి. వెళ్లిన వారంలోనే రాజధాని అడిస్ అబాబాలోని భారత రాయబార కార్యాలయంలో పేర్లు నమోదు చేయించండి. అక్కడ ఒక్కోసారి ఇంటర్నెట్ ఆపేస్తారు. స్కూలు పిల్లల జాతీయ పరీక్షల కోసం దేశమంతటా నెట్ కట్టేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. రెండు రోజులు వీడియో కాల్ రాకపోతే కంగారు పడొద్దని మీ అత్తగారికీ మీ అమ్మకూ ఇప్పుడే చెప్పి ఉంచండి. మీ అమ్మ సంగతి నీకు తెలిసిందే.

అక్కడ మిమ్మల్ని నిజంగా తికమక పెట్టేది గడియారం. రోజును పొద్దు పొడుపు నుంచి లెక్కపెడతారు, మన పంచాంగంలో లాగే. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట. నోటీసు బోర్డు మీద క్లాసు 2:30కు అని ఉంటే పొద్దున్న ఎనిమిదిన్నరకు వెళ్లాలి. ఎవరైనా టైము చెబితే "మీ టైమా, మా టైమా" అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. క్యాలెండర్ కూడా వేరే. నెలకు ముప్ఫై రోజుల చొప్పున పన్నెండు నెలలు, చివర పగుమే అని ఐదారు రోజుల పదమూడో నెల. మనకు 2025 సెప్టెంబరు 11న వాళ్లకు 2018 మొదలైంది. ఒప్పందంలో తేదీలు ఏ క్యాలెండర్‌వో చూసుకోండి.

క్లాసు గురించి మీకు నేను చెప్పేదేముంది, ఒక్క విషయం తప్ప. పిల్లలు తొమ్మిదో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియంలోనే చదివి వస్తారు, కానీ చాలామందికి ఇంగ్లీషు మూడో భాష. ఇంట్లో ఒరోమోనో, సిదామానో, ఇంకేదో మాట్లాడతారు, బయట అమ్హారిక్. మన తెలుగువాళ్లం ఇంగ్లీషు రైలింజన్‌లా మాట్లాడతాం. అర్థం కాకపోయినా వాళ్లు మర్యాదకు తలూపుతారు. సగం వేగంతో చెప్పండి, బోర్డు మీద రాయండి, తర్వాత ఒకర్ని లేపి మళ్లీ చెప్పించండి. రోల్ నంబరుతో పిలవడం ఇక్కడే వదిలేసి వెళ్లండి. పేరుతోనే పిలవాలి, అదీ మొదటి పేరుతో. రెండోది వాళ్ల నాన్నది. అక్కడ చక్రవర్తులు ఏలిన కాలం నుంచీ మన దేశం మేష్టార్లు వేలమంది అక్కడి బళ్లలో చెప్పారు. బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన మీరు ఇండియా అని తెలియగానే తన లెక్కల మేష్టారి పేరు చెప్పి, ఆయన బాగున్నాడా అని అడుగుతాడు. బాగున్నారని చెప్పేయండి.

వంటింటికి ఒక్కటే ఖాయంగా పట్టుకెళ్లాలి, ప్రెషర్ కుక్కర్. అడిస్ అబాబా ఎత్తు 2,300 మీటర్ల పైమాటే. అంత ఎత్తులో నీళ్లు వంద డిగ్రీలకు చేరకముందే మరిగిపోతాయి, గిన్నెలో పప్పు ఎంతసేపైనా ఉడకదు. రెండు గాస్కెట్లు, ఒక విజిల్ అదనంగా పెట్టుకోండి. చింతపండు, ఇంగువ తీసుకెళ్లండి, కారం మొయ్యక్కర్లేదు. వాళ్ల మసాలా కారం బెర్బెరె మన గుంటూరు కారానికి ఏం తీసిపోదు. ఇంజెరా పెద్ద పళ్లెమంత పుల్లట్టు, అనుకుని తింటే మొదటి రోజే నచ్చుతుంది. శాకాహారులని భయం లేదు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలూ, ఈస్టర్‌కు ముందు 55 రోజులూ మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. హోటల్లో "యెత్సోమ్ బెయ్యాయినెతు" అనండి చాలు, ఇంజెరా మీద పప్పు, శనగపిండి కూర షిరో, క్యాబేజీ, ఆకుకూర చుట్టూ పేర్చి తెస్తారు. పక్కింటావిడ ముద్ద చుట్టి చేత్తో మీ నోట్లో పెట్టబోతే ఎంగిలి అని వెనక్కి జరగకండి. అది గుర్షా, ఆప్యాయత. కాఫీకి పిలిస్తే పని ఉందని లేచిపోకూడదు. పచ్చి గింజలు మీ ముందే పెనం మీద వేయించి, ఆ పొగ అందరి ముక్కుకూ చూపించి, రోట్లో దంచి, మూడు విడతలు పోస్తారు. మూడో కప్పు దాకా కూర్చోండి. అప్పటికి మీ ఇంటి ఓనరు, నీళ్లు రాని కొళాయి, డీన్‌గారి కోపం అన్నిటి గుట్టూ తెలిసిపోతుంది.

ఆఖరుగా టీకా. తిరిగి ఇండియాలో దిగేటప్పుడు యెల్లో ఫీవర్ కార్డు అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఫోన్ చేసి రోజూ టైమూ కనుక్కుని పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లండి. గర్భవతులకు మామూలుగా ఆ టీకా వేయరు. సుధా, విశేషమేదైనా ఉంటే ముందు నాకు చెప్పు, తర్వాత మీ అమ్మకు.

ఒప్పందం రాగానే సంతకం పెట్టకుండా ప్రతి పేజీ ఫోటో తీసి మా వాట్సాప్‌కు పంపండి. మీ పెదనాన్న ఎర్ర పెన్ను పట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ